ముందు వీపా, బైసెప్సా? – ఈ నెల కసరత్తు ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకదాని చుట్టూనే తిరిగాయి. జిమ్‌లో ఏ కండరం ముందు చెయ్యాలి, ఏది చివర్లో చెయ్యాలి అని. అందుకని ప్రోటీన్ పౌడర్ల గురించి, క్రియాటిన్ గురించి అడిగినవాళ్లని వచ్చే నెలకి జరిపాం, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా జిమ్ కోచ్ వీపు అయ్యాకే బైసెప్స్ (మోచేతికి పైన, చేతి ముందు కండరం) చెయ్యాలంటాడు. నా ఫ్రెండేమో నీకు కావాల్సింది చేతులు కదా, ఫ్రెష్‌గా ఉన్నప్పుడే బైసెప్స్ కొట్టెయ్ అంటున్నాడు. నేను జిమ్‌లో చేరి ఆరు నెలలైంది. ఎవరి మాట వినాలి సార్?
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆరు నెలలే అంటున్నారు కాబట్టి ప్రస్తుతానికి కోచ్ మాటే వినండి. మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో కూడా విషయం లేకపోలేదు, దానికి తర్వాత వస్తాను.

వీపు కోసం చేసేవన్నీ దాదాపు లాగే వ్యాయామాలే. లాట్ పుల్‌డౌన్ (పైనున్న బార్‌ని కిందికి లాగడం), రోయింగ్ (బరువుని ఒంటివైపు లాగడం), పుల్‌అప్, ఏదైనా సరే మోచెయ్యి మడిస్తేనే బరువు కదులుతుంది. ఆ మడిచే పనిలో బైసెప్స్‌ది పెద్ద వాటా, బార్ జారిపోకుండా పట్టుకునేది ముంజేయి. ఇప్పుడు ముందే నాలుగైదు సెట్ల (సెట్ అంటే ఆగకుండా చేసే ఒక విడత) కర్ల్స్, అంటే బరువు పట్టుకుని మోచెయ్యి మడిచే బైసెప్స్ వ్యాయామం, కొట్టేసి వెళ్లి లాట్ పుల్‌డౌన్ మీద కూర్చున్నవాణ్ని ఒకసారి గమనించండి. ఐదారు రెప్స్, అంటే ఐదారు సార్లు, బాగానే లాగుతాడు. ఆ తర్వాత బొటనవేలు బార్ మీంచి జారడం మొదలవుతుంది, మణికట్టు లోపలికి ముడుచుకుంటుంది, మోచేతులు సగంలోనే ఆగిపోతాయి, అప్పుడిక నడుం వెనక్కి ఊపి ఎలాగోలా బార్‌ని ఛాతీ దగ్గరికి తెస్తాడు. వీపు ఇంకా వేడెక్కను కూడా లేదు, సెట్ మాత్రం అయిపోయింది. మామూలుగా 40 కిలోలు పెట్టి పదేసి రెప్స్ చొప్పున 3 సెట్లు రోయింగ్ చేసేవాడు, కర్ల్స్ తర్వాత 30 కిలోలకి దిగాడనుకోండి. వీపుకి అందాల్సిన 1,200 కిలోల పని 900కి పడిపోయినట్టే కదా. వారం వారం ఇదే జరిగితే వీపు ఎప్పటికి పెరుగుతుంది?

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్లు 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదీ ఇదే. పెద్ద కండరాలు ముందు, చిన్నవి తర్వాత. రెండు మూడు కీళ్లు కలిసి కదిలే వ్యాయామాలు, అంటే స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్ లాంటివి ముందు, ఒక్క కీలే కదిలే కర్ల్స్, లెగ్ ఎక్స్‌టెన్షన్ లాంటివి తర్వాత. ఎక్కువ బరువుతో చేసేవి ముందు, తేలికవి తర్వాత. మీ కోచ్‌కి ఈ కాగితం గురించి తెలిసినా తెలియకపోయినా చెప్పింది మాత్రం సరిగ్గానే చెప్పాడు.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. వ్యాయామాల వరస మీద బ్రెజిల్ పరిశోధకులు చాలా పని చేశారు. వాళ్ల ప్రయోగాల్లో పదే పదే కనపడింది ఏంటంటే, కండరం పెద్దదా చిన్నదా అన్నదాంతో సంబంధం లేకుండా ముందు ఏది చేస్తే దానికి రెప్స్ ఎక్కువ వస్తాయి, చివరికి ఏది పడితే అది నష్టపోతుంది. ఇలాంటి అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి 2021లో అచ్చయిన విశ్లేషణ చూస్తే, బలం విషయంలో ముందు చేసిన వ్యాయామానికే లాభం ఎక్కువ, కండరం సైజు విషయంలో మాత్రం వరస అటూ ఇటూ అయినా పెద్ద తేడా లేదు అని తేలింది. అంటే కర్ల్స్ వీపు తర్వాత చేసినంత మాత్రాన మీ చేతులు సన్నగా ఉండిపోవు. ఒకటి రెండేళ్లు గట్టిగా చేశాక, ఒళ్లంతా వచ్చి చేతులు మాత్రం వెనకబడ్డాయి అనిపిస్తే అప్పుడు ఓ రెండు నెలలు వారంలో ఒక రోజు బైసెప్స్‌ని ముందుకి జరపండి, లేదా కాళ్ల రోజున కర్ల్స్ పెట్టుకోండి, వీపుతో గొడవే ఉండదు. ఇప్పుడు మాత్రం ముందు నాలుగు పుల్‌అప్‌లు శుభ్రంగా తియ్యడం నేర్చుకోండి తమ్ముడూ, బైసెప్స్ దాంతోపాటే వస్తుంది.

ప్రశ్న: సోమవారం సాయంత్రం మా జిమ్‌లో బెంచ్ ప్రెస్ దొరకదు. ముగ్గురు నలుగురు వెయిటింగ్. ఛాతీ ముందు చెయ్యాలని పట్టుబడితే అరగంట ఫోన్ చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. భుజాలు ముందు చేసేస్తే ఏమైనా నష్టమా?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మన ఊళ్లలో సోమవారం అంటే ఛాతీ రోజు అని ఎవరు శాసనం చేశారో గానీ అన్ని జిమ్ములూ ఒకేలా పాటిస్తున్నాయి. భుజాలు ముందు చేస్తే బెంచ్ మీద బరువు తగ్గుతుంది, ఎందుకంటే భుజం ముందు భాగం, చేతి వెనక ఉండే ట్రైసెప్స్ రెండూ బెంచ్‌కి కావాల్సినవే. దానికంటే వీపు ముందు చేసెయ్యండి. లాగే కండరాలు అలిసినా తోసే కండరాలు తాజాగానే ఉంటాయి, రోయింగ్ అయ్యేసరికి బెంచ్ ఖాళీ అవుతుంది. ఇంకా తేలిక మార్గం ఉంది, సోమవారం కాళ్లు చేసుకుని ఛాతీని మంగళవారానికి మార్చండి. స్క్వాట్ ర్యాక్ దగ్గర సోమవారం ఎవరూ ఉండరు, కావాలంటే చూడండి.

ప్రశ్న: పెద్ద వ్యాయామానికి ముందే చిన్నదానితో ఆ కండరాన్ని అలసిపోయేలా చేస్తే ఎక్కువ పెరుగుతుందట కదా? ఛాతీకి కేబుల్ ఫ్లైస్ ముందు, తర్వాత బెంచ్ ప్రెస్. ప్రీ-ఎగ్జాస్ట్ అంటారని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా?
– వరంగల్ నుంచి

జవాబు: ఇది ఇవాళ్టి యూట్యూబ్ కనిపెట్టిందేమీ కాదు, ఏభై ఏళ్ల పైమాటే. నాటిలస్ మెషిన్లు తయారుచేసిన ఆర్థర్ జోన్స్ 1970ల్లో దీన్ని బాగా ప్రచారం చేశాడు. వాదన వినడానికి బాగానే ఉంటుంది. బెంచ్ ప్రెస్‌లో ట్రైసెప్స్ ముందే చేతులెత్తేస్తుంది, ఛాతీకి పూర్తి పని అందదు, కాబట్టి ఛాతీని ముందే కొంత అలసిపోయేలా చేస్తే రెండూ ఒకేసారి ఆగుతాయి అని.

పరీక్షించి చూస్తే అలా జరగలేదు. స్వీడన్‌లో చేసి 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని బరువుతో మోకాలు చాపడం) ఆగిపోయేదాకా చేయించి వెంటనే లెగ్ ప్రెస్ (రెండు కాళ్లతో బరువు తొయ్యడం) చేయించారు. రెప్స్ తగ్గాయి, అది సహజమే. తొడ ముందు కండరాలు పని చేసే తీవ్రత కూడా తగ్గింది. ఏ కండరం కోసమైతే ఇంత హంగామా చేశారో అదే తక్కువ పని చేసిందన్నమాట.

అయినా నేను దీన్ని పూర్తిగా తీసిపారెయ్యను. మోకాలు నొప్పో, భుజం పాత దెబ్బో ఉండి ఎక్కువ బరువు పెట్టలేని వాళ్లకి ఇది పనికొస్తుంది. కండరం ముందే కాస్త అలసి ఉంటే తక్కువ బరువుకే గట్టి పని దొరుకుతుంది, కీలు మీద భారం తగ్గుతుంది. మీకు ఏ నొప్పీ లేకపోతే బెంచ్ ముందు, ఫ్లైస్ తర్వాత.

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున జిమ్ చేసి ఆ తర్వాత గ్రౌండ్‌కి వెళ్లి 1600 మీటర్లు, లాంగ్ జంప్ ప్రాక్టీస్ చేస్తున్నాను. టైమింగ్ అసలు తగ్గడం లేదు, కాళ్లు బరువెక్కిపోయినట్టు ఉంటున్నాయి. రూమ్‌మేట్స్ అందరూ ఇలాగే చేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.
– శ్రీకాకుళం జిల్లా నుంచి

జవాబు: టెన్షన్ పడకండి, మీ కాళ్లలో లోపం లేదు, తేడా అంతా వరసలో ఉంది. రేపటి నుంచే తిప్పెయ్యండి.

మీకు సెలక్షన్‌లో మార్కులు ఇచ్చేది బెంచ్ ప్రెస్‌కి కాదు కదా. పరుగు, దూకుడు తాజా కాళ్లతో జరగాలి. అందులోనూ లాంగ్ జంప్ ముందు చెయ్యాలి, ఎందుకంటే అది వేగం, మెళకువ రెండూ కావాల్సిన పని, అలిసిన కాళ్లతో చేస్తే టేకాఫ్ అడుగు తప్పుతుంది, ఆ తప్పే అలవాటైపోతుంది. వార్మప్, తర్వాత నాలుగైదు మంచి జంపులు మధ్యలో పూర్తి విశ్రాంతితో, తర్వాత పరుగు. జిమ్ సాయంత్రానికి జరపండి. కుదరకపోతే పరుగు లేని రోజున పెట్టుకోండి.

మీ జిల్లా నుంచే మంచి ఉదాహరణ ఉంది. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ పోటీలో స్నాచ్ ఎప్పుడూ ముందే ఉంటుంది. బరువు తక్కువే గానీ వేగం, మెళకువ ఎక్కువ కావాల్సింది అదే. వెయిట్‌లిఫ్టర్లు ప్రాక్టీస్‌లో కూడా ఎక్కువగా ఇదే వరస పాటిస్తారు. స్నాచ్, తర్వాత జెర్క్, ఆ తర్వాతే స్క్వాట్లు, పుల్స్. నెమ్మదిగా, బండగా చేసే పని చివరికి వెళ్తుంది.

ఇంకో సంగతి, బరువులూ పరుగూ రెండూ విపరీతంగా చేస్తే ఒకదాన్నొకటి లాగేస్తాయి. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు 10 వారాల పాటు ఒక జట్టు చేత బరువులు, దమ్ము పెంచే వ్యాయామం రెండూ కలిపి చేయించాడు. ఏడో వారం దాకా కాళ్ల బలం పెరిగింది, తర్వాత ఆగిపోయింది, చివరి రెండు వారాల్లో తగ్గడం మొదలైంది. వాళ్లు దాదాపు ప్రతి రోజూ రెండూ చేశారు లెండి. మీరూ అదే చేస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. ఈవెంట్స్ అయ్యేదాకా కాళ్ల బరువులు వారానికి రెండు రోజులు చాలు. అవీ మరీ ఊపిరాడనంతగా వద్దు, మర్నాడు గ్రౌండ్‌కి వెళ్లాలని గుర్తుపెట్టుకుని చెయ్యండి.

ప్రశ్న: నాకు 38. పిల్లలు స్కూల్‌కి వెళ్లాక నలభై నిమిషాలు దొరుకుతాయి. ఇంట్లో రెండు 5 కిలోల డంబెల్స్, ఒక యోగా మ్యాట్ ఉన్నాయి. జిమ్‌కి వెళ్లే ఓపిక లేదు. ఏ వరసలో చెయ్యాలో చెప్పండి. బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతామని మా అత్తగారి భయం.
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అత్తయ్యగారికి చెప్పండి, 5 కిలోల డంబెల్స్‌తో అలా అయ్యేదుంటే కుర్రాళ్లంతా జిమ్ ఫీజులు కట్టడం మానేసి అవే కొనుక్కునేవాళ్లు. ఆడవాళ్లలో కండరాన్ని పెద్దగా పెంచే టెస్టోస్టెరాన్ చాలా తక్కువ ఉంటుంది. ఏళ్ల తరబడి అదే పనిగా చేసినా కండ గట్టిపడుతుంది, ఎముకకి మేలు జరుగుతుంది, అంతే. బియ్యం బస్తా జరపడం మాత్రం తేలికవుతుంది.

మీకు జిమ్ముల్లో చేసే ఛాతీ రోజు, కాళ్ల రోజు అన్న విభజన అక్కర్లేదు. వారానికి మూడు రోజులు ఒళ్లంతా చెయ్యండి. అప్పుడు వరస చాలా తేలిక, కాళ్లు ముందు, పైభాగం తర్వాత, చేతులూ పొట్టా చివర.

ఐదు నిమిషాలు అక్కడే నడుస్తూ చేతులు తిప్పి ఒళ్లు వేడి చేసుకున్నాక, రెండు డంబెల్స్ ఛాతీ దగ్గర పట్టుకుని స్క్వాట్. వెనకాల కుర్చీ పెట్టుకోండి, పిరుదులు కుర్చీని తాకీ తాకనట్టు తాకి లేవాలి. ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది. మీ కాళ్లకి 10 కిలోలు త్వరలోనే చాలవు. అప్పుడు కొత్త డంబెల్స్ కొనేముందు వేగం తగ్గించండి, దిగడానికి నాలుగు అంకెలు లెక్కపెట్టుకోండి, కింద ఒక క్షణం ఆగండి. అదీ తేలికైపోతే ఒక కాలు వెనక్కి వేసి దిగే లంజెస్‌కి మారండి. ప్రతి స్క్వాట్ సెట్ అయ్యాక ఒక నిమిషం ఆగి, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని వంగి రెండో చేత్తో డంబెల్‌ని నడుం వైపు లాగండి, రెండు పక్కలా. కాళ్లు విశ్రాంతి తీసుకుంటుంటే వీపు పనిచేస్తుంది, టైమ్ కలిసొస్తుంది. ఇలా మూడు విడతలు.

తర్వాత జంట: డంబెల్స్ తొడల ముందు పట్టుకుని, వీపు గూని పడకుండా తిన్నగా ఉంచి, పిరుదులు వెనక్కి తోస్తూ వంగి లేవడం ఒకటి, వంటింటి గట్టు మీద చేతులు ఆనించి పుష్‌అప్స్ ఒకటి. గట్టు మీద పన్నెండు అలవోకగా వచ్చాక సోఫా అంచు మీద చెయ్యండి, ఆ తర్వాత నేల మీద. గట్టు తడిగా ఉంటే తుడిచి మొదలుపెట్టండి, ఇది చిన్న విషయం అనుకోవద్దు. అప్పటికి పాతిక నిమిషాలవుతుంది. మిగిలిన టైమ్‌లో డంబెల్స్ తల పైకెత్తడం రెండు సెట్లు, చివర్లో ప్లాంక్. ఏదో ఒక రోజు ఫోన్ వచ్చి పదిహేను నిమిషాలే మిగిలితే మొదటి జంట చేసేసి లేవండి. ఎక్కువ లాభం ఉన్నదంతా అందులోనే ఉంది, ఆ వరస పెట్టింది కూడా అందుకే.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, షుగర్ వచ్చి ఏడేళ్లు, మాత్రలు వాడుతున్నాను. అపార్ట్‌మెంట్ జిమ్‌లో ముందు ట్రెడ్‌మిల్ మీద అరగంట నడిచి తర్వాత బరువులకి వెళ్తున్నాను. నడక ముందా, బరువులు ముందా?
– రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్న ఉద్యోగి, కాకినాడ

జవాబు: రెండూ చేస్తున్నారు, అదే పెద్ద విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి వ్యాయామంతో పాటు కండరాలకి బలమిచ్చేది కనీసం 2 రోజులు చెయ్యమని ఉంది. మనవాళ్లు మొదటి సగం విని రెండో సగం వదిలేస్తారు.

నా సలహా అయితే, ఐదు పది నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాక బరువులు, అవి అయ్యాక మిగతా నడక. పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా కూడా రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుంది. శరీరంలో పెద్ద కండరాలన్నీ తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి కాబట్టి మీ బరువుల వరసలో కూడా లెగ్ ప్రెస్సో, కుర్చీలోంచి లేచి కూర్చోవడమో మొదట ఉండాలి. నడిచి నడిచి అలిసిన కాళ్లతో ఇవి సరిగ్గా చెయ్యలేరు, అలిసిన కాళ్లతో నడవడం మాత్రం చెయ్యగలరు. ఇన్సులిన్ మీద ఆధారపడే టైప్ 1 షుగర్ వాళ్లతో కెనడాలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, బరువులు ముందు చేసినప్పుడు వ్యాయామం మధ్యలో షుగర్ అంతగా పడిపోకుండా నిలకడగా ఉంది. మీది టైప్ 2 అయి ఉండొచ్చు కాబట్టి దాన్ని యథాతథంగా మీకు అన్వయించను. ఇన్సులిన్ తీసుకునే పాఠకులు ఎవరైనా ఉంటే వాళ్ల డాక్టర్‌తో ఈ ముక్క మాట్లాడటం మంచిది.

మీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉంటే వ్యాయామం తర్వాత షుగర్ మరీ దిగిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. కంటి రెటీనా పరీక్ష చేయించుకుని ఏడాది దాటి ఉంటే ముందు అది చేయించండి. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులు ప్రమాదం. ఏ బరువైనా ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, బీపీ ఉన్నవాళ్లకి కూడా ఇదే మాట.

ప్రశ్న: నాకు 71. మాది వీరఘట్టం ప్రాంతం, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి ఊరివైపు. మా చిన్నప్పుడు తాలింఖానాలో (వ్యాయామశాలలో) దండీలు, బస్కీలు, తర్వాత సంగిడి రాయి. ఛాతీ రోజు, వీపు రోజు ఎవరికీ తెలీదు. అయినా ఒళ్లు ఉక్కులా ఉండేది. ఈ వరసల గొడవంతా ఇప్పుడెందుకు బాబూ?
– పార్వతీపురం మన్యం జిల్లా నుంచి

జవాబు: నమస్కారం పెద్దాయనా. మీ తాలింఖానాలో వరస లేదని మీరనుకుంటున్నారు గానీ చక్కగా ఉంది. దండీలు, అంటే పుష్‌అప్‌ల లాంటివి, ఛాతీకి, భుజాలకి, ట్రైసెప్స్‌కి. బస్కీలు, అంటే గుంజీల లాంటివి, తొడలకి. రెండింటికీ వాడే కండరాలు వేరు, కాబట్టి దండీలు తీసి బస్కీలకి వెళ్లినా, బస్కీలు తీసి దండీలకి వచ్చినా ఒకటి రెండోదాన్ని పెద్దగా చెడగొట్టదు, కొంచెం ఆయాసం తప్ప. పైన కూకట్‌పల్లి అమ్మాయికి జంటలుగా చెప్పింది కూడా ఇదే కిటుకు.

వరస గొడవ ఎప్పుడొస్తుందంటే ఒకే రోజు ఒకే కండరం వాడే ఐదారు వ్యాయామాలు పెట్టుకున్నప్పుడు. రెండే వ్యాయామాలున్న చోట అంత ఆలోచించాల్సిన పని లేదు. సంగిడి రాయి విషయంలో మాత్రం నాకు చిన్న పేచీ ఉంది. అంత బరువు నేలమీంచి ఎత్తేది నడుం, వందల బస్కీల తర్వాత వణికే కాళ్లతో ఎత్తడం కంటే ముందే ఎత్తడం మేలు. మీ గురువులు చివర్లో పెట్టడానికి కారణం బహుశా అది పందెం వస్తువు కావడమేమో, అది మీరే చెప్పాలి. ఇప్పుడు మీ వయసులో రాయి వద్దు గానీ బస్కీలు గోడ పట్టుకునైనా సరే మానకండి.

ప్రశ్న: పొట్ట తగ్గాలని జిమ్‌కి వెళ్లగానే ముందు 20 నిమిషాలు అబ్స్ చేస్తున్నాను. తర్వాత స్క్వాట్ చేస్తుంటే నడుం పట్టేస్తోంది.
– అనంతపురం నుంచి

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబుంది. స్క్వాట్‌లో వెన్నెముక వంగకుండా చుట్టూ బిగించి పట్టేవి ఆ పొట్ట కండరాలే. వాటిని ముందే అలగ్గొట్టి భుజాల మీద బార్ పెడితే ఆ పని నడుం మీద పడుతుంది. అబ్స్ చివరికి మార్చండి, నడుం వ్యాయామాలు కూడా అంతే. మార్చాక కూడా పట్టేస్తుంటే, లేదా నొప్పి కాల్లోకి దిగుతుంటే బరువులు ఆపి డాక్టర్‌ని కలవండి. ఇక క్రంచెస్‌తో పొట్ట మీద కొవ్వు తగ్గదు, కొవ్వు ఎక్కణ్నుంచి కరగాలో మనం చెప్తే ఒళ్లు వినదు. రాత్రి అన్నం కొలత చూసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఐటీ ఉద్యోగం. మంగళ, గురు, శనివారాలు జిమ్. మంగళవారం తోసేవి, గురువారం లాగేవి, శనివారం కాళ్లు. వీకెండ్‌లో ఎవరింట్లోనో పార్టీ, కాస్ట్‌కో, పిల్లల క్లాసులు, మూడు వారాలకోసారి గానీ కాళ్లకి టైమ్ దొరకడం లేదు. రోజుల వరస మారిస్తే సరిపోతుందా?
– టెక్సస్ నుంచి

జవాబు: సగం సరిపోతుంది. తప్పిపోయే రోజు ఏదో మీకు ముందే తెలుసు, ఆ రోజుకే కాళ్లు పెట్టుకున్నారు. మొదట కాళ్లని మంగళవారానికి తెచ్చెయ్యండి. రెండో మార్గం, వారం పట్టించుకోవద్దు, క్రమం పట్టించుకోండి. తోసేవి, లాగేవి, కాళ్లు, ఇలా గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, శనివారం ఎగ్గొడితే ఆ కాళ్లు మంగళవారం వస్తాయి. మంగళవారం అంటే తోసేవే అని రాసిపెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

అసలు నన్నడిగితే వారానికి మూడు రోజులే వెళ్లేవాళ్లకి ఈ విభజన కంటే మూడు రోజులూ ఒళ్లంతా చెయ్యడమే నయం. మీ పద్ధతిలో ఒక్కో కండరానికి వారానికి ఒక్కసారే పని, అదీ తప్పితే రెండు వారాలు ఖాళీ. ఒళ్లంతా చేసేటప్పుడు రోజుకో వ్యాయామాన్ని మొదట పెట్టండి. మంగళవారం స్క్వాట్ మొదట, తర్వాత బెంచ్, రోయింగ్. గురువారం బెంచ్ మొదట, తర్వాత పుల్‌డౌన్, చివర తేలికగా లంజెస్. శనివారం డెడ్‌లిఫ్ట్ (బార్‌ని నేల మీంచి ఎత్తి నిలబడటం) మొదట, ఆ తర్వాత భుజాలు, చేతులు. ముందు చేసినదానికే బలం ఎక్కువ పెరుగుతుంది అనుకున్నాం కదా, ఆ మొదటి స్థానం వారంలో అందరికీ వంతులవారీగా దక్కుతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీలో స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ అన్న వరస చూడండి, కాళ్లూ నడుం ఎక్కువ వాడే రెండింటి మధ్యలో బెంచ్ వస్తుంది, ఆ కాసేపు వాటికి ఊపిరి పీల్చుకునే టైమ్. మీరు కూడా స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ మధ్య కనీసం రెండు రోజులు ఉంచుకోండి.

సెట్ల మధ్య ఫోన్ టైమర్ పెట్టుకుని పెద్ద వ్యాయామాలకి రెండు మూడు నిమిషాలు ఆగండి, చిన్నవాటికి ఒక నిమిషం చాలు. శనివారం పార్టీ ఉంటే డెడ్‌లిఫ్ట్ మూడు సెట్లు కొట్టేసి స్నానం చేసి వెళ్లిపోండి, చేతులు ఆ వారానికి మిగిలిపోయినా పర్లేదు.